ఏడు గోల్స్ తిన్న జట్టులోంచి వచ్చిన కోచ్

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ చెల్లెలు డిగ్రీ రెండో ఏడు, యూనివర్సిటీ జట్టులో మిడ్‌ఫీల్డ్ ఆడుతోంది. ఆట మానేశాక కోచింగ్ వైపు వెళ్లాలని ఉంది. ఇంట్లో మాత్రం "పెద్ద పెద్ద ప్లేయర్లే కోచ్‌లవుతారు, నిన్నెవరు పిలుస్తారు" అంటున్నారు. రష్యా జట్టుకు ఆడి, తర్వాత అదే జట్టుకు కోచ్ అయిన ఎలెనా ఫోమినా పేరు మీరెక్కడో చదివారు. ఆవిడ కథేమిటి, అందులో మీ చెల్లెలికి పనికొచ్చేది ఏమైనా ఉందా అని అడిగారు.

పదహారేళ్లుగా స్కూలు, కాలేజీ అమ్మాయిలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నవాణ్ని. ఫోమినా కెరీర్ నాకు ఇష్టమైన సంగతుల్లో ఒకటి, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్పేస్తాను: ఇది కప్పులు ఎత్తిన మనిషి కథ అనుకుని మొదలెట్టకండి. జాతీయ జట్టుకు ఆమె కోచ్‌గా ఉన్న ఐదేళ్లలో రష్యా ఆడిన పెద్ద టోర్నీ ఒక్కటే, అందులో గెలిచిన మ్యాచూ ఒక్కటే. ఆ ఒక్క మ్యాచ్ వెనక ఉన్నదంతా చూస్తేనే ఆమె చేసిన పని అర్థమవుతుంది.

ఫోమినా పుట్టింది 1979 ఏప్రిల్‌లో. సోవియట్ యూనియన్‌లో చదరంగం దగ్గర్నుంచి జిమ్నాస్టిక్స్ దాకా ఆడపిల్లలకు చాలా తలుపులు తెరిచి ఉన్న రోజులవి, ఫుట్‌బాల్ తలుపు మాత్రం మూసే ఉంది. మాస్కో పక్కన పుష్కినోలో 1911లోనే ఆడవాళ్ల మ్యాచ్ జరిగింది. కానీ 1970ల మొదట్లో, ఈ ఆట ఆడవాళ్ల ఒంటికి మంచిది కాదని వైద్యుల చేత చెప్పించి పక్కన పెట్టేశారు. ఒలింపిక్స్‌లో బరువులు విసిరే ఆడవాళ్లను ప్రపంచమంతా తిప్పి చూపించిన దేశం, బంతిని తన్నితే ఒంటికి చేటు అనడం నాకిప్పటికీ వింతగానే ఉంటుంది. సోవియట్ మహిళా జట్టు తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడింది 1990 మార్చి 26న, బల్గేరియాలోని కజాన్లక్‌లో. 4-1తో గెలిచింది. అప్పటికి ఫోమినాకు పదకొండేళ్లు నిండలేదు. మరో రెండేళ్లు తిరక్కుండానే ఆ దేశమే లేకుండా పోయింది.

ఈ తేదీలు ఎందుకు చెబుతున్నానంటే, "నేను పెద్దయ్యాక జాతీయ జట్టుకు ఆడతాను" అని అనుకోగలిగిన మొదటి తరం రష్యన్ ఆడపిల్లల్లో ఆమె ఒకతె. వాళ్లకు ముందు దారి లేదు. ఆమె వయసు పిల్లలకు దారి ఉంది, కానీ నిండా గుంతలే.

ఆ గుంతలు ఎలాంటివో తెలియాలంటే అప్పటి రష్యా లీగ్‌లో జట్ల పేర్లు చూస్తే చాలు. సమారా జట్టు పేరులో ఉండే "వెవెఎస్" అంటే వాయుసేన. రియాజాన్ జట్టు పేరులో తర్వాత చేరిన "వెడెవె" అంటే పారాచూట్ దళాలు. తొల్యాత్తి జట్టు పేరు లాడా, ఆ ఊరి కార్ల ఫ్యాక్టరీ బ్రాండు. ఇవి కాక వొరోనెజ్‌లో ఎనర్గియా, మాస్కో శివార్లలో రసియాంకా, పెర్మ్‌లో జ్వెజ్దా. సైన్యమో, కర్మాగారమో, గవర్నరో దయతలిస్తే జట్టు ఉంటుంది, చెయ్యి వెనక్కి తీసుకుంటే మాయమవుతుంది. మన దగ్గర ఒకప్పుడు రైల్వేస్, పోలీసు, బ్యాంకుల జట్లలో ఉద్యోగం కోసం ఆడినట్టే అనుకోండి. తేడా ఏమిటంటే మన రైల్వేస్ ఇంకా ఉంది, అక్కడి జట్లలో చాలావాటికి ఆ గ్యారంటీ లేదు. ఇలాంటి లీగ్‌లో ఆడిన మనిషికి మైదానం బయటి సంగతులు కూడా ఒంటబడతాయి: జీతం ఆగిన నెలలో డ్రెస్సింగ్ రూమ్ ఎలా ఉంటుంది, వచ్చే ఏడు ఈ జట్టు ఉంటుందో లేదో తెలియని పిల్ల ట్రైనింగ్‌లో ఎలా పరిగెడుతుంది. ఇవి కోచింగ్ క్లాసులో చెప్పరు.

1999లో అమెరికాలో జరిగిన వరల్డ్ కప్‌కు రష్యా మహిళలు మొదటిసారి వెళ్లారు. కోచ్ యూరీ బిస్త్రిత్‌స్కీ. ఇరవయ్యేళ్ల ఫోమినా మిడ్‌ఫీల్డర్‌గా ఆ జట్టులో ఉంది. మొదటి మ్యాచ్‌లో నాటి వరల్డ్ చాంపియన్ నార్వే చేతిలో 2-1తో ఓడారు. తర్వాత జపాన్‌ను 5-0తో, కెనడాను 4-1తో చిత్తు చేశారు. మరోసారి చదవండి, జపాన్ మీద 5-0. పన్నెండేళ్ల తర్వాత వరల్డ్ కప్ ఎత్తింది ఆ జపానే. క్వార్టర్ ఫైనల్లో చైనా 2-0తో రష్యాను ఆపింది.

ఇక్కడే ఎవరూ పెద్దగా మాట్లాడుకోని ఒక చేదు సంగతి ఉంది. ఆ వరల్డ్ కప్పే 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కు అర్హత పోటీ కూడా. ఒలింపిక్స్‌లో జట్లు ఎనిమిది, వరల్డ్ కప్ క్వార్టర్స్ చేరినవీ ఎనిమిది. కానీ ఒక సీటు ఆతిథ్య ఆస్ట్రేలియాకు ముందే రిజర్వు. ఎనిమిది మందిలో ఒకరు బయట నిలబడాలి. ఆ ఒక్కరూ రష్యానే. మిగతా ఏడు దేశాలూ సిడ్నీ వెళ్లాయి. ఇరవై ఏళ్ల వయసులో ఇలా గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చిన జట్టులో కూర్చున్న అమ్మాయి, ఇంకో పదహారేళ్లకు అదే జట్టు పగ్గాలు పట్టుకుంటుంది.

2003 వరల్డ్ కప్ కూడా అమెరికాలోనే. చైనాలో జరగాల్సింది, సార్స్ వల్ల మారింది. తొలి మ్యాచ్ ఆస్ట్రేలియాతో, స్కోరు 1-1, ఇంక డ్రాయే అనుకుంటున్న వేళ 89వ నిమిషంలో ఫోమినా గోల్ కొట్టింది. 2-1. ఘనా మీద 3-0, చైనా చేతిలో 0-1. మళ్లీ క్వార్టర్స్. ఈసారి అక్టోబర్ 2న పోర్ట్‌లాండ్‌లో, ఎదురుగా జర్మనీ.

మొదటి సగం ముగిసేసరికి 1-0. ఫర్వాలేదు, ఇంకా ఆటలోనే ఉన్నారు. తర్వాత జర్మన్లు వరసగా కొట్టుకుంటూ పోయారు. మ్యాచ్ 7-1తో ముగిసింది. ఆ ఒక్క గోల్ కొట్టింది వొరోనెజ్ నుంచి వచ్చిన ఎలెనా దనీలొవా అనే స్కూలు పిల్ల, వయసు 16 ఏళ్ల 107 రోజులు. మహిళల వరల్డ్ కప్‌లో అంత చిన్న వయసులో గోల్ కొట్టినవాళ్లు అంతకుముందు లేరు. రికార్డు పుస్తకంలో ఆ గోల్ మెరుస్తుంది. మ్యాచ్ చూసినవాళ్లకు గుర్తుండేది మాత్రం మిగతా ఏడు. ఈ దనీలొవా పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఆ తర్వాత రష్యా మహిళల సీనియర్ జట్టు మళ్లీ వరల్డ్ కప్ మొహం చూడలేదు. ఈ సంగతి తెలియకుండా ఫోమినా కోచ్‌గా సాధించినదాన్ని తూకం వేస్తే తప్పు లెక్క వస్తుంది.

యూరోలో, అంటే యూరోప్ దేశాల చాంపియన్‌షిప్‌లో, రష్యా చరిత్ర ఇంకా దారుణం. ఫైనల్స్ టోర్నీకి ఎనిమిది జట్లను తీసుకోవడం మొదలైన 1997లో రష్యా మూడుకు మూడూ ఓడింది. 2001లో ఒక డ్రా, రెండు ఓటములు. 2009లో మళ్లీ మూడూ ఓటములే. ఇంగ్లండ్ మీద ఇరవై రెండు నిమిషాల్లో 2-0 ఆధిక్యంలోకి వెళ్లి 3-2తో ఓడిపోయారు. అప్పటి కోచ్ ఇగోర్ షాలిమోవ్, ఇటలీ క్లబ్ ఇంటర్‌కు ఆడిన, రెండు పురుషుల వరల్డ్ కప్‌లలో ఆడిన పెద్ద పేరు. మీ ఇంట్లో అంటున్న "పెద్ద ప్లేయర్ అయితేనే కోచ్" వాదనకు ఇంతకంటే మంచి పరీక్ష ఎక్కడ దొరుకుతుంది? ఆయన తెలివితక్కువవాడనడం లేదు. గొప్పగా ఆడటం ఒక విద్య, పదహారు మంది అమ్మాయిలతో ఆడించడం ఇంకో విద్య అంటున్నాను.

2013లో కోచ్ సెర్గేయ్ లావ్రెంత్యేవ్. ఇంగ్లండ్‌తో 1-1, స్పెయిన్‌తో 1-1, ఫ్రాన్స్ చేతిలో 1-3. రెండు పాయింట్లు. క్వార్టర్స్‌లో చివరి చోటు కోసం రష్యా, డెన్మార్క్ పాయింట్లలో సమానంగా నిలిచాయి. చివరికి చీటీలు తీశారు. డెన్మార్క్ పేరు వచ్చింది. ఒక దేశపు జాతీయ జట్టు చీటీ మీద ఇంటికి పోయింది!

అంటే నాలుగు యూరోలు, పన్నెండు మ్యాచ్‌లు, విజయం సున్నా. ఈ మూట నెత్తిన పెట్టి 2015లో జట్టును ఫోమినాకు అప్పగించారు. అప్పటికి ఆమెకు ముప్పై ఆరేళ్లు.

ఒక్క క్షణం ఆమె చోట నిలబడి చూడండి. నేను పైన చెప్పిన కోచ్‌లు బిస్త్రిత్‌స్కీ, షాలిమోవ్, లావ్రెంత్యేవ్, ముగ్గురూ మగవాళ్లే. చేతిలో ఉన్న లీగ్‌లో జట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జర్మనీకో ఫ్రాన్స్‌కో ఒక స్థానానికి పదిమంది పోటీ పడితే, ఈమెకు ఇద్దరు దొరికితే గొప్ప. ఇలాంటప్పుడు బయటి నుంచి వచ్చిన కోచ్ సాధారణంగా చేసే తప్పు ఒకటుంది. తనకు నచ్చిన ఆట ఒకటి మనసులో పెట్టుకుని దానికి సరిపోయే మనుషుల కోసం వెతుకుతాడు. లేని మనుషులు ఎక్కణ్నుంచి వస్తారు? లోపలి నుంచి వచ్చిన మనిషికి ఆ భ్రమ ఉండదు. ఎవరెవరు ఉన్నారో, ఎవరి మోకాలు ఎంతవరకు ఆగుతుందో, ఎవరిని గద్దిస్తే ముడుచుకుపోతారో, ఎవరిని గద్దించకపోతే ఆడరో ముందే తెలుసు. ఉన్న కూరగాయలతో వంట మొదలుపెడుతుంది.

యూరో 2017 అర్హత పోటీల్లో జర్మనీ, హంగరీ, క్రొయేషియా, టర్కీ ఉన్న గ్రూపులో రష్యా రెండో స్థానంలో నిలిచి నెదర్లాండ్స్‌కు టికెట్ సంపాదించింది. ఫైనల్స్ డ్రాలో పడిన గ్రూపు చూస్తే ఎవరైనా తల పట్టుకుంటారు: జర్మనీ, స్వీడన్, ఇటలీ. జర్మనీ అప్పటికి వరసగా ఆరుసార్లు యూరోప్ చాంపియన్.

ఆ టోర్నీలో నాకు బాగా నచ్చిన విషయం బెంచీల మీద ఉంది. పదహారు జట్లలో ఆరింటికి మహిళలు కోచ్‌లు. ఆ ఆరుగురిలో ముగ్గురు ఈ ఒక్క గ్రూపులోనే. జర్మనీకి స్టెఫీ జోన్స్, ఆమె 2003లో జర్మనీ జట్టులో ఉంది, అంటే ఫోమినా ఆడిన వరల్డ్ కప్పే. స్వీడన్‌కు పియా సుంద్‌హాగె, అప్పటికే అమెరికాకు కోచ్‌గా రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిపించి వచ్చిన మనిషి. రష్యాకు ఫోమినా. నాలుగో బెంచ్ మీద ఇటలీ కోచ్ ఆంతోనియో కబ్రీని, 1982లో పురుషుల వరల్డ్ కప్ గెలిచిన జట్టులో లెఫ్ట్ బ్యాక్. నలుగురూ మాజీ ఆటగాళ్లే. పేరు ప్రఖ్యాతుల లెక్కన ఫోమినాది నాలుగో స్థానమే, అందులో వాదన లేదు.

2017 జూలై 17, రోటర్‌డామ్. ఇటలీ, రష్యా. తొమ్మిదో నిమిషంలో రష్యా గోల్. కొట్టింది ఎవరో ఊహించారా? ఎలెనా దనీలొవా. పోర్ట్‌లాండ్‌లో 7-1 మ్యాచ్‌లో ఆ ఒక్క గోల్ కొట్టిన పదహారేళ్ల పిల్ల. ఇప్పుడు ముప్పై ఏళ్లు, సరిగ్గా నెల కిందటే నిండాయి. అప్పుడు తనతో పాటు జట్టులో ఉన్న ఫోమినా ఇప్పుడు కోచ్‌గా గీత పక్కన నిలబడి ఉంది. ఈ మధ్యలో దనీలొవా చిన్న కథేం నడపలేదు. 2005లో రష్యా అమ్మాయిల అండర్-19 జట్టు ఫైనల్లో ఫ్రాన్స్‌ను పెనాల్టీల్లో ఓడించి యూరోప్ చాంపియన్ అయినప్పుడు ఆ టోర్నీలో అందరికంటే ఎక్కువ గోల్స్ ఆమెవే. కానీ ఆ అండర్-19 బంగారం సీనియర్ జట్టులోకి వచ్చేసరికి ఎక్కడో కరిగిపోయింది. సీనియర్ జట్టుకు దాని ఫలం ఎంతోకొంత దక్కిందంటే ఈ తొమ్మిదో నిమిషంలోనే.

26వ నిమిషంలో ఎలెనా మరోజొవా రెండో గోల్. ఆ తర్వాత గంటకు పైగా ఇటలీ ఒత్తిడి. రష్యా వెనక్కి జరిగింది, ఒకరి పక్కన ఒకరు గోడ కట్టినట్టు నిలబడ్డారు, గోల్‌కీపర్ తత్యానా షెర్బాక్ ఊపిరి పీల్చుకునే తీరిక లేకుండా ఆడింది. 88వ నిమిషంలో ఇటలీకి ఇలారియా మావ్రో ఒక గోల్ కొట్టింది. అంతే. 2-1. పదమూడో ప్రయత్నంలో యూరో ఫైనల్స్‌లో రష్యాకు మొదటి గెలుపు.

అందమైన ఆట కాదది. నా దగ్గరికి వచ్చే కొత్త కోచ్‌లు ఆ మ్యాచ్ చూసి "బంతి వాళ్ల దగ్గరే ఉంది కదా సార్, ఇదేం గెలుపు" అంటారు. నేనంటాను: బంతి ఎవరి దగ్గర ఎక్కువ సేపు ఉందో స్కోరుబోర్డు అడగదు. తన దగ్గర ఉన్న పిల్లలు మొదటి అరగంట ఏం చేయగలరో, చివరి గంట ఏం భరించగలరో ఆ కోచ్‌కు తెలుసు. 2009లో ఇదే రష్యా ఇంగ్లండ్ మీద 2-0తో మొదలెట్టి నిలబెట్టుకోలేకపోయింది. 2017లో నిలబెట్టుకుంది. ఈ రెండు మ్యాచ్‌ల తేడాను పూర్తిగా కోచ్ ఖాతాలో వేయడం న్యాయం కాదు, ఆడినవాళ్లు వేరు, ప్రత్యర్థీ వేరు. కానీ కొంతైనా వేయకపోతే అంతకంటే అన్యాయం.

తర్వాత స్వీడన్ చేతిలో 2-0. చివరి మ్యాచ్ జర్మనీతో ఉట్రెక్ట్‌లో, మళ్లీ 2-0 ఓటమి, రెండు గోల్సూ పెనాల్టీలే. అదే రాత్రి ఇంకో మైదానంలో ఇటలీ స్వీడన్‌ను 3-2తో ఓడించింది. అంటే రష్యా ఆ సాయంత్రం జర్మనీని ఎలాగో గెలిచి ఉంటే క్వార్టర్స్‌లో ఉండేది. జర్మనీ మీద గెలవడం ఏమంత సులువు అనకండి, సులువు కాదు. 2003లో ఆ జర్మనీ ఏడు గోల్స్ కొట్టింది, 2017లో మామూలు ఆటలో ఒక్కటి కూడా కొట్టలేక రెండుసార్లు పెనాల్టీ స్పాట్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. నేనైతే ఈ లెక్కనే ఎక్కువ నమ్ముతాను.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే మీకు సగం నిజమే చెప్పినట్టు.

యూరో అయిన నెలన్నరకు, 2017 సెప్టెంబర్ 19న, 2019 వరల్డ్ కప్ అర్హత పోటీలో ఇంగ్లండ్ తన గడ్డ మీద రష్యాను 6-0తో ఓడించింది. మర్నాడే ఇంగ్లండ్ కోచ్ మార్క్ సాంప్సన్‌ను పదవి నుంచి తీసేశారు, పాత వ్యవహారం ఒకటి బయటపడి. పత్రికలన్నీ దాని చుట్టూ తిరిగాయి. రష్యా ఆరు గోల్స్ తిన్న సంగతి వార్తలో ఒక వాక్యమైపోయింది. తర్వాతి వేసవిలో మాస్కోలో అదే ఇంగ్లండ్ 3-1తో గెలిచింది. నాలుగు రోజుల తర్వాత, 2018 జూన్ 12న, న్యూపోర్ట్‌లో వేల్స్ 3-0తో కొట్టింది. ఆ రాత్రితో, ఫ్రాన్స్‌లో జరగబోయే ఆ వరల్డ్ కప్ మీద రష్యా ఆశలు దాదాపు మూసుకుపోయాయి.

ఆ తేదీ చూశారుగా. సరిగ్గా రెండు రోజులకు మాస్కో లుజ్నికీ స్టేడియంలో పురుషుల వరల్డ్ కప్ మొదలైంది. సొంత గడ్డ, సౌదీ అరేబియా మీద 5-0, దేశమంతా పండగ. ఫుట్‌బాల్ మీద రష్యా అంత డబ్బు, అంత శ్రద్ధ ఎప్పుడూ పెట్టలేదు. అదే వారంలో మహిళల జట్టు వేల్స్‌లో ఓడి ఇంటికి వస్తోంది. ఆ గ్రూపులో ఇంగ్లండ్ మొదటి స్థానం, వేల్స్ రెండు, రష్యా మూడు. నన్నడిగితే ఇది ఫోమినా కెరీర్‌లో నిజమైన వైఫల్యం. ఇంగ్లండ్ చేతిలో ఓడటంలో ఆశ్చర్యం లేదు. వేల్స్ మాత్రం అందుకోగల ప్రత్యర్థి, దాన్ని రెండు మ్యాచ్‌లలో ఒక్కసారైనా ఓడించలేకపోయింది. ఇటలీ మీద పనిచేసిన గోడ, తామే ముందుకెళ్లి గోల్ కొట్టాల్సిన మ్యాచ్‌లో పనిచేయలేదు. చిన్న జట్ల కోచ్‌లందరికీ తగిలే దెబ్బే ఇది. కాచుకోవడం నేర్పినంత త్వరగా, వెనక కాచుకున్న ప్రత్యర్థిని ఛేదించడం నేర్పలేం. నాకూ తగిలింది, జిల్లా స్థాయిలో, చాలాసార్లు.

అయినా ఆమెను మార్చలేదు. ఇది రష్యా ఫుట్‌బాల్ సమాఖ్య చేసిన మంచి పని. తర్వాతి యూరో అర్హతలో గ్రూపులో నెదర్లాండ్స్ ఉంది, అంటే యూరోప్ చాంపియన్, వరల్డ్ కప్ రన్నరప్. ఆ జట్టు 2020 సెప్టెంబర్‌లో మాస్కో వచ్చి ఒక్క గోల్ తేడాతోనే, 1-0తో గెలిచి వెళ్లింది. రష్యా గ్రూపులో రెండో స్థానంతో ప్లేఆఫ్‌కు చేరింది.

ఆ ప్లేఆఫ్ వచ్చేసరికి బెంచ్ మీద ఫోమినా లేదు. పురుషుల క్లబ్బులు నడిపిన యూరీ క్రస్నజాన్ వచ్చాడు. 2021 ఏప్రిల్‌లో లిస్బన్‌లో నెల్లీ కరోవ్‌కినా గోల్‌తో పోర్చుగల్‌ను 1-0తో ఓడించి, మాస్కోలో 0-0తో నిలబడి రష్యా యూరోకు అర్హత సాధించింది. ఆయన పని ఆయన సరిగ్గానే చేశాడు. కానీ ఆ రెండు మ్యాచ్‌ల దాకా జట్టును మోసుకొచ్చింది ఎవరో స్కోరుకార్డులో ఉండదు. కోచింగ్‌లోకి రావాలనుకునే ఎవరికైనా నేను చెప్పే మొదటి చేదు మందు ఇదే: విత్తనం వేసినవాళ్లే కోత కోస్తారన్న హామీ ఈ వృత్తిలో ఎవరూ ఇవ్వరు.

ఆ కోత కూడా చివరికి ఎవరికీ దక్కలేదు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద దాడి మొదలయ్యాక రష్యా జట్లను అంతర్జాతీయ పోటీల నుంచి పక్కన పెట్టారు. మే 2న, ఇంగ్లండ్‌లో జరగబోయే మహిళల యూరోలో రష్యా స్థానాన్ని, ప్లేఆఫ్‌లో ఓడిన పోర్చుగల్‌కే ఇచ్చారు. రాజకీయాల జోలికి ఇక్కడ పోను. జరిగింది మాత్రం ఇదీ.

ఫోమినా మాత్రం ఇంట్లో కూర్చోలేదు. మాస్కో లోకొమోతీవ్ మహిళల జట్టుకు కోచ్‌గా 2021లో రష్యా లీగ్ టైటిల్ గెలిచింది. ఈ గెలుపు విలువ తెలియాలంటే ఈ మధ్యలో లీగ్ ఎలా మారిందో చెప్పాలి. ఆమె ఆడిన రోజుల్లో జట్లు వాయుసేనవి, కార్ల ఫ్యాక్టరీవి. 2010ల చివరికి పురుషుల పెద్ద క్లబ్బులు మహిళల జట్లు పెట్టడం మొదలెట్టాయి. సెస్కా, లోకొమోతీవ్, తర్వాత జెనిత్, క్రస్నదార్, ఇంకా కొన్ని. మైదానాలు, డాక్టర్లు, నెలనెలా జీతం. 2019, 2020 టైటిళ్లు సెస్కావి. వాళ్ల పట్టు విడిపించింది లోకొమోతీవ్. లేమిలో ఉన్నప్పుడు గోడ కట్టి నెట్టుకొచ్చిన కోచ్, వనరులు ఉన్న జట్టు ఇస్తే పట్టిక మీద పైకి కూడా ఎక్కించగలనని చూపించింది. పైన నేను వైఫల్యం అన్నచోట, ఆమెకు దాడి చేయించడం రాదా అని అనుమానం వచ్చి ఉంటే, ఇది దానికి జవాబు. కాచుకుని కూర్చుంటే లీగ్ టైటిల్ రాదు, వారం వారం ఎవరో ఒకర్ని గెలవాల్సిందే.

ఇక మీ చెల్లెలి సంగతి.

మన ఇండియా మహిళల జట్టు కూడా రష్యాతో ఆడింది. 2021 ఫిబ్రవరిలో టర్కీలో, 8-0తో ఓడిపోయాం. అప్పటి మన కోచ్ మేమోల్ రాకీ, గోవా నుంచి వచ్చిన మాజీ ఇండియా ప్లేయర్. ఆ స్కోరు చూసి ఆవిణ్ని తిట్టినవాళ్లు నాకు తెలుసు. 2025 ఫిబ్రవరిలో యూఏఈలో ఒక స్నేహపూర్వక టోర్నీలో మళ్లీ రష్యాతో పడ్డాం, ఈసారి 2-0. ఓటమే, కానీ ఎనిమిదికీ రెండుకీ మధ్య ఎంతమంది ఎన్నిరోజుల పని ఉందో కోచింగ్ చేసినవాళ్లకు తెలుస్తుంది. నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా వెళ్లి దినామో జాగ్రెబ్‌కు ఆడి వచ్చింది. మీ చెల్లెలి వయసు పిల్లలకు పదేళ్ల కింద ఇలాంటి పేరు చెప్పడానికి నా దగ్గర లేదు.

పని విషయానికి వస్తే, ఆట మానేసేదాకా ఆగొద్దు. మన ఫుట్‌బాల్ సమాఖ్య కోచ్‌లకు ఇచ్చే డి లైసెన్స్ కోర్సు కొద్ది రోజులదే, ఆడుతూనే చేసుకోవచ్చు. ఆ తర్వాత సి, బి, ఎ అని మెట్లు. ఒక్కో మెట్టు మధ్య నిజంగా పిల్లలతో పనిచేసి ఉండాలి, కాబట్టి ఈ వేసవిలోనే దగ్గర్లోని స్కూల్లో అండర్-12 పిల్లల్ని పట్టుకోమనండి. డబ్బు పెద్దగా రాదు, ముందే చెప్పేయండి. మొదటి రెండు మూడేళ్లు పీఈటీ ఉద్యోగమో, ట్యూషనో పక్కన ఉంటే మంచిది. ఇంకో సంగతి, ప్రతి ట్రైనింగ్ తర్వాత ఒక నోట్‌బుక్‌లో అర పేజీ రాసుకోమనండి: ఏం చేయించాను, ఎవరికి రాలేదు, ఎందుకు రాలేదు. నా మొదటి నోట్‌బుక్‌లు ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది, కానీ వాటిని పారేయలేదు.

మిడ్‌ఫీల్డర్ అన్నారు కాబట్టి ఒక హోంవర్క్ కూడా. ఆ ఇటలీ, రష్యా మ్యాచ్ వీడియో దొరికితే ముందు 26 నిమిషాలు సౌండ్ తీసేసి చూడమనండి. బంతి వెంట కళ్లు పోనివ్వకుండా రష్యా మిడ్‌ఫీల్డర్లను మాత్రమే చూడాలి. బంతి తమ దగ్గర లేనప్పుడు వాళ్లు ఎటు చూస్తున్నారు, ఒకరికొకరు ఎన్ని అడుగుల దూరంలో ఉన్నారు, గోల్ పడ్డాక ఆ దూరం తగ్గిందా పెరిగిందా అని కాగితం మీద గీసుకోమనండి. తర్వాత 60వ నిమిషం నుంచి ఇంకో పది నిమిషాలు అదే పని. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి నాకు పంపిస్తే, మిగతాది అక్కణ్నుంచి మాట్లాడుకుందాం.